మూరెడు నాచు

తెలుగులో పాచికి మంచి పేరు లేదు. పాచి మొహం, పాచి నోరు, పాచి పని, పాచిపోయిన అన్నం. బావిగట్టు మీద పాచి పడితే కాలు జారుతుందని సున్నం చల్లి చీపురుతో బరబరా గీకడమే మన చిన్నప్పటి పని. నాచుకి పాచి కంటే ఒక్క మెట్టు పైన చోటిచ్చాం గానీ, దాన్నీ ఎవరూ ముద్దుగా పిలవలేదు. సంస్కృతంలో శైవలం అన్నారు. శాకుంతలంలో నారచీర కట్టుకున్న శకుంతలని చూసిన దుష్యంతుడికి నాచు చుట్టుకున్న తామర గుర్తొస్తుంది. అక్కడ కూడా అందం తామరదే, నాచు అడ్డంపడ్డదే! డిగ్రీలో ఆ పాఠం చదువుకున్నప్పుడు, ఇరవై ఏళ్ల తర్వాత డబ్బిచ్చి మరీ నాచు కొని ఇంట్లో పెంచుతానని ఎవరైనా చెప్పి ఉంటే పడీపడీ నవ్వేదాన్ని.

మా అమ్మ అయితే ఫోన్‌లో అడిగేసింది కూడా. "డబ్బులు పోసి పాచి కొన్నావా?" అని.

కొన్నది నేను కాదు, మావాడు. వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా పండక్కి వచ్చిన డబ్బులన్నీ పోగేసుకుని చేపల ట్యాంకు కొనుక్కున్నాడు. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్క వేస్తే 56 లీటర్ల నీళ్లు. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్‌కి హాస్టల్‌కి వెళ్తూ, "అమ్మా, చేపలు జాగ్రత్త" అని నాకు అప్పజెప్పి పోయాడు. "నువ్వు జాగ్రత్త" అని నేననే లోపే ఆటో ఎక్కేశాడు. పిల్లలు హాస్టల్‌కి వెళ్లిన ఇంట్లో ఏం మిగులుతుందో మీకు తెలుసు. మడతపెట్టిన దుప్పటి, గోడకి అంటించిన టైమ్‌టేబులు, ఒక బొచ్చెడు చార్జర్ వైర్లు. మా ఇంట్లో వాటితో పాటు పన్నెండు గప్పీ చేపలు మిగిలాయి.

ఆ జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, మామయ్యగారు పోయారు. మార్చిలో అత్తయ్యగారిని హైదరాబాదు తీసుకొచ్చేశాం.

మా అత్తయ్యగారిది కడియం పక్కన ఊరు. కడియం, కడియపులంక అంటే మీకు వేరే చెప్పక్కర్లేదు. గోదావరి జిల్లాలో ఏ మొక్క కావాలన్నా, ఏ పువ్వు కావాలన్నా అక్కడికే. ఆవిడ నాన్నగారికి పూలతోట ఉండేదిట. తెల్లవారుజామున కోసిన పూలు గంపల్లో మార్కెట్టుకి వెళ్లే ముందు ఇంటి ఆడపిల్లలు తలో దోసెడు తీసుకుని కట్టుకునేవాళ్లట. పలక పట్టే ముందే దారం పట్టాను అనేవారు ఆవిడ. అరటినార తడిపి, ఒక కొస కాలి బొటనవేలికి చుట్టి, రెండు మొగ్గలు ఇటూ రెండు అటూ పెట్టి, వేలితో ఒక్క తిప్పు తిప్పి లాగితే ముడి పడిపోయేది. చూపు మాల మీద ఉండేది కాదు. మాటలు మనతో, చూపు వీధిలోకి, చేతులు పూలలో. నేను పెళ్లయి వెళ్లిన రోజు నుంచి మేం ఊరికి ఎప్పుడు వెళ్లినా, బస్సు దిగేసరికి తడిగుడ్డలో చుట్టిన మాల సిద్ధంగా ఉండేది. నాకొక మూర, ఆడపడుచుకొక మూర, దేవుడికొక మూర, ఆవిడకొక మూర. ఒత్తుగా కట్టేవారు. దండలో దారం కనపడితే కట్టినట్టా, అనేవారు.

మామయ్యగారు పోయిన పదో రోజు సంగతి నేను రాయను. ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లకి నా చేత్తో చెప్పాలని లేదు.

ఆ రోజు తర్వాత ఆవిడ పూలు ముట్టుకోలేదు. పెట్టుకోకపోవడం వేరు, అది ఎలాగూ ఉంది. చేత్తో తాకడం కూడా మానేశారు. మా అపార్ట్‌మెంట్‌కి సాయంత్రం పూలమ్మే ఆవిడ వస్తుంది. ఆ కేక వినపడగానే అత్తయ్యగారు లేచి తన గదిలోకి వెళ్లిపోయేవారు. దేవుడి దగ్గర పెట్టడానికి నేను పువ్వు అందించబోతే, "నువ్వే పెట్టమ్మా" అని చెయ్యి వెనక్కి తీసుకునేవారు. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పలేదు. ఎవరూ చెప్పక్కర్లేని సంగతులు కొన్ని ఉంటాయి కదా మన ఇళ్లల్లో. ఒకసారి మావారు ఉండబట్టలేక, "ఈ రోజుల్లో ఇంకా అవన్నీ ఏంటమ్మా" అన్నారు. "ఈ రోజులు మీవిరా, నావి కాదు" అన్నారావిడ. ఆ పైన ఆ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

మాటలు కూడా తగ్గిపోయాయి. టీవీ పెడితే చూసేవారు, తీసేస్తే ఊరుకునేవారు. అన్నం తినమంటే తినేవారు. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. ఒళ్లో పెట్టుకున్న కొంగు అంచుని వేళ్లతో మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ ఉండేవి. నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

ఆ జులైలో మావాడు ఆన్‌లైన్‌లో నాచు పంపించాడు. గుడ్డముక్కలా తడితడిగా, ప్లాస్టిక్ కవర్లో అరచేతంత ముక్క. పేరు జావా మాస్. పేరులో జావా ఉన్నా ఇది ఆగ్నేయాసియా అంతటా పెరిగే మొక్క. మొక్క అని ఎందుకు అంటున్నానంటే, ఇది గాజుకి జారుడుగా పట్టే పాచి కాదు. మనం తెలుగులో రెంటినీ నాచు అనేస్తాం గానీ రెండూ వేరు. దీనికి కంటికి కనపడే చిన్నచిన్న ఆకులుంటాయి, కొమ్మలుంటాయి. లేనిది వేరు. వేళ్లలాంటి సన్నటి నూలుపోగులు ఉంటాయి గానీ, అవి రాయినో చెక్కనో పట్టుకోవడానికే తప్ప తిండి లాక్కోవడానికి కాదు. నీళ్లూ పోషణా అంతా ఆకులతోనే తాగుతుంది. అందుకే దీనికి మట్టి అక్కర్లేదు, కుండీ అక్కర్లేదు. పట్టుకోవడానికి ఒక ఆసరా దొరికితే చాలు.

ఈ నాచుని ట్యాంకుల్లో అందంగా పెంచే పద్ధతి ప్రపంచానికి అలవాటు చేసినవాళ్లలో జపాన్‌కి చెందిన తకాషి అమానో పేరు ముందు చెబుతారు. మావాడే చెప్పాడు. ఆయన ఒకప్పుడు సైకిలు పందేల్లో తొక్కేవారట. తర్వాత ఫోటోగ్రాఫర్ అయ్యారు. నీళ్లలో కొండలూ అడవులూ ఉన్నట్టు ట్యాంకులు అమర్చి ఫోటోలు తీసి పుస్తకాలు వేశారు. 2015లో పోయారు. ఆ ఫోటోలు చూస్తే చేపల ట్యాంకు అనిపించదు, మారేడుమిల్లి అడవిలో వాన వెలిసిన పొద్దులా ఉంటుంది.

సరే, అమానోగారి సంగతి అలా ఉంచి మా ఇంటి సంగతికి వస్తాను. మావాడు వీడియో కాల్‌లో పాఠం మొదలుపెట్టాడు. "అమ్మా, ఆ చెక్క రెండు రోజులు నానబెట్టావా? నీళ్లు టీ రంగులోకి వస్తే భయపడకు, పారబోసి మళ్లీ పొయ్యి. ఇప్పుడు నాచుని చెక్క మీద పలచగా పరువు. మందంగా వేస్తే అడుగుదానికి వెలుతురు అందక కుళ్లిపోతుంది. కాటన్ దారంతో కట్టు. నైలాన్ వద్దు. కాటన్ అయితే కొన్ని వారాలకి అదే కరిగిపోతుంది, ఆపాటికి నాచు చెక్కని పట్టుకుంటుంది."

చెప్పడం తేలికే. తడి నాచు, నున్నటి చెక్క, సన్నటి దారం. ఇటు బిగిస్తే అటు జారుతుంది, అటు నొక్కితే ఇటు లేస్తుంది. నేను హాల్లో కింద కూచుని పేపరు పరుచుకుని కుస్తీ పడుతున్నాను. సోఫాలో అత్తయ్యగారు చూస్తున్నారు. టీవీ కాదు, నా చేతులు చూస్తున్నారు. కాసేపటికి, "ఏంటమ్మాయ్ అది, గడ్డా?" అన్నారు.

"నాచు అత్తయ్యగారూ. దీన్ని చెక్కకి కట్టాలిట."

"అలా కడితే నిలబడదు."

ఇంకాసేపు ఊరుకున్నారు. తర్వాత లేచి వచ్చి నా ఎదురుగా కూచున్నారు. చెయ్యి చాపారు. మళ్లీ సగంలో ఆగారు.

"ఇది పువ్వు కాదుగా?"

నన్ను అడిగారో, ఆవిడని ఆవిడే అడుక్కున్నారో తెలీదు. "కాదండీ. దీనికి పువ్వే పుయ్యదు" అన్నాను. అది నిజమే. నాచు మొక్కలకి పూలుండవు, విత్తనాలూ ఉండవు. స్కూల్లో సైన్సు పుస్తకంలో ఎప్పుడో చదువుకున్న ముక్క ఆవేళ నా నోటికి అలా వచ్చింది.

"ఇటియ్యి" అన్నారు.

దారం కొస కాలి బొటనవేలికి చుట్టుకున్నారు. నాచులోంచి చిటికెడు చిటికెడు తుంచి, చెక్క మీద ఒక్కో చిటికెడూ పెట్టి, వేలితో ఒక్క తిప్పు తిప్పి లాగారు. మళ్లీ చిటికెడు. మళ్లీ తిప్పు. నేను పది నిమిషాల్లో రెండు అంగుళాలు కట్టలేనిది, ఆవిడ చేతిలో చెక్క చివరికంటా నడిచిపోయింది. ఫోన్‌లో మావాడు "నానమ్మా! సూపరు!" అని అరుస్తున్నాడు. ఆవిడ ఫోన్ వంక చూడలేదు. తలుపు దగ్గర మావారు నిలబడి ఉన్నారు. కాసేపు చూసి, ఏం మాట్లాడకుండా లోపలికి వెళ్లి చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

కట్టడం అయ్యాక చెక్కని పైకెత్తి వెలుతురులో తిప్పి చూశారు. "దారం కనపడుతోంది. ఇంకొంచెం ఉందా?" అన్నారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర, ఎవరూ అడక్కుండానే, వాళ్ల నాన్నగారు కనకాంబరాలని తూకం వేసేటప్పుడు తడి ఆరకుండా ఏం చేసేవారో చెప్పారు. నాలుగు నెలల తర్వాత ఆవిడ తనంతట తను మొదలుపెట్టిన మొదటి మాట అది.

ఆ తర్వాత ట్యాంకు బాధ్యత ఎప్పుడు ఎలా చేతులు మారిందో చెప్పలేను. పొద్దున్నే కాఫీ గ్లాసుతో కుర్చీ దాని ఎదురుగా వేసుకునేవారు. నాచు మొదట్లో కదలదు. మూడు వారాలు అలాగే ఉంటుంది, బతికుందా లేదా అని అనుమానం వస్తుంది. తర్వాత ఒకరోజు కొసల్లో లేత పచ్చ కనపడుతుంది. పాతది ముదురాకుపచ్చ, కొత్తది చిలకపచ్చ. "అమ్మాయ్, చిగురేసింది" అని వంటింట్లోకి వచ్చి చెప్పారు. పోపు మాడుతున్నా వెళ్లి చూశాను.

తర్వాత మావాడు ఎర్ర రొయ్యలు తెప్పించాడు. చెర్రీ రొయ్యలంటారు. పెద్దవయినా అంగుళమున్నర దాటవు. అత్తయ్యగారు వంగి చూసి, "రొయ్యపొట్టుకి ఎక్కువ, రొయ్యకి తక్కువ. గోంగూరలోకి కూడా రావు" అని తేల్చేశారు. కానీ అవి రోజంతా నాచులో కూచుని, ముందుకాళ్లతో ఆకుల మీద ఏదో ఏరుకుని తింటూ ఉంటే, "ఒక్క క్షణం ఖాళీగా ఉండవు చూడు, బియ్యం ఏరే ఆడవాళ్లలా" అని మురిసిపోయేవారు.

గప్పీల సంగతి ఇంకా బాగుంటుంది. ఈ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. నెలకో కాన్పు. కన్న తల్లే దొరికిన పిల్లని దొరికినట్టు మింగేస్తుంది కూడా. నాచు లేనప్పుడు మాకు ఒక్క పిల్లా దక్కలేదు. నాచు గుబురుగా పెరిగాక ఒకరోజు అత్తయ్యగారు లెక్కపెట్టారు, పదకొండు. కనురెప్ప వెంట్రుకంత పిల్లలు, కొమ్మల మధ్య నక్కి ఉన్నాయి. "పుట్టిల్లులా దాచుకుంది దీన్ని" అన్నారు నాచుని చూపిస్తూ. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. మామయ్యగారు పోయాక ఆవిడ వెళ్లడానికి పుట్టిల్లు లేదు. తోట ఎప్పుడో అన్నదమ్ముల వాటాల్లో అమ్ముడయిపోయింది.

మీలో ఎవరికైనా పెంచాలనిపిస్తే మా ఇంట్లో చేసే పనులు చెబుతాను, పెద్ద విద్యేం కాదు. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. దీనికి నీడ ఇష్టం. లైటు ఎక్కువైతే నాచుకి కాదు, దాని మీద పట్టే అసలు పాచికి లాభం. కిటికీ ఎండ తగిలే చోట ట్యాంకు పెట్టొద్దు. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి కొత్త నీళ్లు పొయ్యాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే పొయ్యాలి. మేము ముందురోజే బకెట్‌లో పట్టి మూత లేకుండా వదిలేసి, మర్నాడు చుక్కలు కూడా వేస్తాం. తీసిన పాత నీళ్లు కరివేపాకు కుండీకి పొయ్యండి, ఎరువు దండగ. చేపలకి మేత ఎక్కువ వేస్తే మిగిలిందంతా నాచులో చిక్కుకుని కుళ్లుతుంది. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వెయ్యాలి. చెత్త పేరుకుంటే నాచుని నీళ్లలోనే నెమ్మదిగా కదిపి, పైకి లేచిన మురికిని గొట్టంతో లాగెయ్యాలి.

అన్నిటికంటే ముఖ్యం కత్తిరింపు. పెరుగుతోంది కదా అని వదిలేస్తే పైన పచ్చగానే ఉంటుంది, లోపల వెలుతురు అందక గోధుమరంగుకి తిరిగి, చివరికి చెక్క నుంచి మొత్తం ఊడి తేలుతుంది. నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి. కత్తిరించేటప్పుడు మోటారు ఆపాలి, లేకపోతే ముక్కలన్నీ ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి. చిన్న వలతో ముక్కలన్నీ ఏరాలి. ఏరినవి పారెయ్యొద్దు. గోరంత ముక్క కూడా మళ్లీ మొక్కవుతుంది. చేపలకి జబ్బు చేసి మందు వెయ్యాల్సి వస్తే డబ్బా మీద రాగి ఉందేమో చూడండి. రాగి ఉన్న మందు రొయ్యల ప్రాణం తీస్తుంది.

మొదటి కత్తిరింపుకి వచ్చిన ముక్కలు అత్తయ్యగారు హార్లిక్స్ సీసాల్లో వేసి కిటికీ పక్కన నీడలో వరసగా పెట్టారు. అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్లకి చెక్కముక్కకో గులకరాయికో కట్టి ఇచ్చేవారు. "ఎంత కావాలి?" అంటే, "మామ్మగారూ, ఒక మూరెడు" అనేవాళ్లు సరదాకి. ఆవిడ నవ్వేవారు.

ఏడాది గడిచింది. సంవత్సరీకం అయింది. వేసవి వచ్చింది.

ఆ మే నెల ఎండలు మీకూ గుర్తుండే ఉంటాయి. ట్యాంకు థర్మామీటరు 31 దాటితేనే నాచుకి ఇబ్బంది. చల్లదనం దాని పుట్టుక, 22 నుంచి 26 మధ్య అయితే హాయిగా పెరుగుతుంది. మేం ట్యాంకు మూత తీసి, నీళ్ల మీదకి చిన్న ఫ్యాను పెట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు తేలేసి ఎలాగో నెట్టుకొస్తున్నాం. ఒకరోజు సాయంత్రం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. ఫ్యాను లేదు, ఫిల్టర్ లేదు, ఐసు లేదు. థర్మామీటరు 33 చూపించింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, అత్తయ్యగారు రాత్రంతా గంటకోసారి లేచి చెంబుతో నీళ్లు తీసి ఎత్తునుంచి ధారగా అందులోకే పోస్తూ కూచున్నారు, గాలి కలుస్తుందని. నేను పోస్తానన్నా ఇవ్వలేదు.

రొయ్యలు సగం పోయాయి. గప్పీలు నిలబడ్డాయి. నాచు వారం తిరిగేసరికి టీ పొడి రంగుకి వచ్చేసింది. ఆవిడ తన చేత్తో కట్టిన ఆ మొదటి చెక్క అంతా.

"ఇంక పోయింది, తీసి పారేద్దాం, వాసనొస్తుంది" అన్నారు మావారు. ఆయన మంచికే అన్నారు. అత్తయ్యగారు మాట్లాడలేదు. ఆ మౌనం చూసి నాకు గుండె జారింది. పోయిన మార్చి నెల మౌనం అలాగే ఉండేది. మళ్లీ కొంగు అంచు చేతిలోకి తీసుకున్నారు.

మర్నాడు నేను లేచేసరికి చెక్క ట్యాంకులో లేదు. వంటింటి వెనక, ఎండ పడని మూల, వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పోసి అందులో పెట్టి ఉంది. మూకుడు చుట్టూ తడి గోనెసంచి. పూర్తిగా కుళ్లి మెత్తబడిన ముక్కల్ని తీసేసినట్టున్నారు, మిగిలింది అలాగే ఉంది.

"కడియంలో వాడిన మొక్కని పారెయ్యరమ్మాయ్. నీడకి మారుస్తారు. ఆకు పోతే పోయింది, కాడ ఏమంటుందో చూడాలి" అన్నారు.

రోజూ నీళ్లు మార్చారు. గోనె తడిపారు. జూన్‌లో వానలు పడ్డాయి, ఇల్లు చల్లబడింది. నాలుగో వారంలో అనుకుంటా, ఆవిడ పిలిచి చూపిస్తే, కళ్లజోడు పెట్టుకుని వెతికితే గానీ నాకు కనపడలేదు. గోధుమరంగు కాడ మీద ఆవగింజలో సగం, పచ్చగా. పక్కన ఇంకోటి. ఇంకోటి. నాచు స్వభావమే అంత, పైకి చచ్చినట్టున్నా కాడలో ఎక్కడో కాస్త ప్రాణముంటే అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ అలా జరుగుతుందని కాదు. ఈసారి జరిగింది.

శ్రావణంలో ఏటి మైల తర్వాత మొదటి వరలక్ష్మీవ్రతం. అరకేజీ విడిపూలు తెచ్చి హాల్లో పెట్టాను. నా మనసులో ఏముందో మీరు ఊహించే ఉంటారు. అత్తయ్యగారు చూశారు. గదిలోకి వెళ్లిపోలేదు, అంత తేడా వచ్చింది. కానీ దగ్గరికీ రాలేదు. ట్యాంకు ముందు కుర్చీలో కూచుని, నేను కట్టే మాల వంకే చూస్తూ, "ముడి వదులైంది. ఇంకొంచెం లాగు" అని నోటితో చెబుతూ ఉన్నారు. చెయ్యి మాత్రం చాపలేదు. నేనూ అడగలేదు. ఆ మాల ఎంత వంకరగా వచ్చిందంటే, అమ్మవారు ఏమనుకున్నారో గానీ, పేరంటానికి వచ్చినవాళ్లందరూ నవ్వారు.

కింద ఫ్లాట్‌లో తొమ్మిదేళ్ల పిల్ల ఉంది. రొయ్యల్ని చూడ్డానికి రోజూ స్కూలు నుంచి వస్తూ మా ఇంట్లో ఆగుతుంది. మామ్మగారి దగ్గర నాచు కట్టడం కూడా నేర్చుకుంది. దసరాకి దాని కూచిపూడి ప్రోగ్రాం. వాళ్లమ్మ బజారులో రెడీమేడ్ పూలజడ కొంటే, రిహార్సల్లోనే పూసలన్నీ రాలిపోయాయిట. ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం ఆ పిల్ల కవర్ నిండా లిల్లీ మొగ్గలూ, కనకాంబరాలూ, చిట్టిచేమంతులూ పట్టుకుని సరాసరి మా హాల్లోకి వచ్చి, "మామ్మగారూ, నాచు కట్టినట్టే నా జడకి ఇవి కట్టేస్తారా? టైము లేదు" అంది.

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. వాళ్లమ్మకి విషయం తెలుసు, పరుగున వెనకాలే వచ్చి పిల్లని వెనక్కి లాగబోయింది. పిల్లకేం తెలుసు. వీపు తిప్పి, జడ ముందుకి వేసి, కింద కూచుంది.

అత్తయ్యగారు ఆ జడ వంక చూశారు. కవర్ వంక చూశారు. చాలాసేపైనట్టు అనిపించింది నాకు, గడియారంలో ఎంతైందో తెలీదు.

"అమ్మాయ్, ఈనెపుల్లలు తే. సూదీ దారం కూడా" అన్నారు నాతో. "తెల్లవి మొగ్గల్లోంచి ఒకే సైజువి ఏరు. విచ్చినవి వద్దు, స్టేజీ ఎక్కేసరికి వాడిపోతాయి."

కొత్త చీపురు విప్పి పుల్లలు తీసిచ్చాను. మొగ్గలు పుల్లకి గుచ్చారు. వరసలు పేర్చారు. మధ్యలో కనకాంబరాల గీత. చివర చేమంతుల జడకుచ్చు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నర ఆవిడ ఆ పిల్లకి, వాళ్ల ఊళ్లో పెళ్లికూతురి జడ ఎంతమంది కట్టేవారో, లెక్కకి ఎన్ని మొగ్గలు పట్టేవో చెబుతూనే ఉన్నారు. చూపు వీధిలోకి, మాటలు మాతో, చేతులు పూలలో.

మిగిలిన కనకాంబరాలు మూరెడు మాల అయ్యాయి. పిల్ల అది చేతిలోకి తీసుకుని, "మామ్మగారూ, మీకు పెట్టనా?" అంది. ఆవిడ నవ్వి, "నాకెందుకే, నీ నాట్యం చూడు ముందు" అని దాని చేతిలోంచి మాల తీసుకున్నారు. లేచి వెళ్లి మామయ్యగారి ఫోటోకి వేశారు. ఇన్నాళ్లూ ఆ ఫోటోకి పూలు నేనే పెట్టేదాన్ని.

ఆవిడ తలలో పెట్టుకోలేదు. పెట్టుకోమని నేను అనలేదు, అనను. అది ఆవిడ ఇష్టం. ఎవరో లాక్కున్నది ఇంకెవరో బలవంతాన తెచ్చి చేతిలో పెడితే అదీ ఒక బలవంతమే కదా. కానీ ఇప్పుడు సాయంత్రం పూలమ్మే కేక వినపడితే ఆవిడే బాల్కనీలోంచి తొంగి చూసి, "ఏ ఊరి పూలే అవి? మూర ఇంత పొట్టిగా కొలుస్తావేం?" అని బేరం ఆడుతున్నారు. కొన్న పూలు తడిగుడ్డలో చుట్టి పెడుతున్నారు. మాలలు ఒత్తుగా ఉంటున్నాయి. దారం కనపడ్డం లేదు.

వేసవిలో మాడిన చెక్క మళ్లీ ట్యాంకులోకి చేరింది. ఈసారి పెరగడం నిదానంగానే ఉంది, పైన సగం పచ్చ, కింద సగం ఇంకా బోడిగానే ఉంది. సంక్రాంతికి మావాడు వస్తున్నాడు. హాస్టల్ గదిలో సీసాలో పెంచుకుంటానని నాచు అడిగాడు. గోళీసోడా సీసా అంత చిన్న గాజు సీసా, ఒక గులకరాయి సిద్ధం చేసి పెట్టాను. నేను కట్టి ఉంచుతానంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

"వాడొచ్చాక వాడి చేతే కట్టిస్తాను. నువ్వు పక్కన కూచో. నీకూ ముడి సరిగ్గా రావట్లేదు" అన్నారు.